ఓపీ పాత్ర పవర్ వాడే ముందు ఎదుటి ప్లేయర్‌ని ఎలా అడగాలి? ఆరు పద్ధతుల పోలిక

కాకతీయుల కాలం నాటి ఓరుగల్లు, అందులో కాస్త మాయాజాలం కలిపిన లోకం. ఒకరి పాత్ర కోట బురుజు మీద కాపలా ఉండే విలుకత్తె. ఇంకొకరిది మోటుపల్లి రేవు నుంచి సరుకు తెచ్చే వర్తకుడు. మూడో ప్లేయర్ ఒక మాంత్రికుణ్ణి తీసుకొచ్చాడు. వాడు ఎదుటివాళ్ళ మనసు చదువుతాడు, కాలాన్ని వెనక్కి తిప్పుతాడు, ఒంటి మీద కత్తి దిగదు. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ పిల్లలు డిస్కార్డ్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో తలో పాత్ర తీసుకుని కలిసి కథ రాసుకునే రోల్‌ప్లేలో ఇలాంటి ఓపీ (ఓవర్‌పవర్డ్, అంటే మితిమీరిన శక్తులున్న) పాత్ర ఎక్కడో ఒకచోట వచ్చే తీరుతుంది. రావడంలో తప్పు లేదు. బలమైన పాత్ర దిగితే కథకు ఊపొస్తుంది. ఆ పవర్‌ని పక్కవాళ్ళ పాత్రల మీద అడగకుండా వాడినప్పుడే గొడవ మొదలవుతుంది. దాన్నే గాడ్‌మోడింగ్ అనీ, పవర్‌ప్లే అనీ తిట్టుకుంటారు. తర్వాత ఒక్కొక్కరే సర్వర్ (డిస్కార్డ్ గ్రూపు) వదిలేస్తారు.

అడగాలని చాలామందికి తెలుసు. ఎక్కడ అడగాలి, ఎప్పుడు అడగాలి, ఏ మాటల్లో అడగాలి అన్న దగ్గరే తికమక పడతారు. మొదట్లోనే పట్టిక రాసుకోవాలా, డీఎంలో (విడిగా పంపే మెసేజ్‌లో) అడగాలా, డైస్‌కి వదిలేయాలా, జీఎం (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి) చెప్పింది వినాలా? అన్నీ పనికొచ్చేవే, కానీ అందరికీ ఒకేలా పనికిరావు.

ఏ పవర్‌కి అడగాలి, ఏ పవర్‌కి అక్కర్లేదు

పవర్ ఎంత పెద్దదన్నది లెక్క కాదు. మాంత్రికుడు ఓరుగల్లు మట్టికోటలో ఒక పక్క మొత్తం కూల్చినా, అక్కడ ఎవరి పాత్రా లేకపోతే ప్లేయర్లలో ఎవరినీ అడగాల్సిన పని లేదు. అదే మాంత్రికుడు విలుకత్తె కళ్ళలోకి చూసి, "ఈమెకు సొంత తమ్ముడంటేనే భయం అని గ్రహించాడు" అని రాశాడనుకోండి. వాక్యం చిన్నదే, కానీ ఎదుటి ప్లేయర్ ఎన్నాళ్ళుగానో దాచుకున్న కథ చేయి జారిపోయింది. పైగా ఆ భయం ఆ ప్లేయర్ రాసింది కూడా కాదు, మాంత్రికుడి ప్లేయర్ కల్పించింది. ఎదుటి మనిషి రాయాల్సింది మీరు రాసేస్తున్నారా? అవును అంటే అడగాలి.

ఈ లెక్కన మనసు చదవడం, మనసును వశం చేసుకోవడం మొదటి వరసలో ఉంటాయి. కాలాన్ని వెనక్కి తిప్పడం అంతకన్నా పెద్దది, ఎందుకంటే పక్కవాళ్ళు గంటలు కూర్చుని రాసిన పోస్టులు జరగనట్టే అయిపోతాయి. దెబ్బ తగలని శరీరం పైకి అమాయకంగా కనిపిస్తుంది. కానీ ఎదుటివాళ్ళు ఏం చేసినా ఫలితం ఉండదని ముందే తేల్చేసే పవర్ అది. జోస్యం కూడా అంతే: "నువ్వు మూడో పున్నమికి చస్తావు" అని మీ పాత్ర అంటే, ఎదుటివాళ్ళ రాబోయే కథకు మీరు ముడి వేసినట్టే. చాలామంది గమనించనిది వైద్యం. గాయపడిన పాత్రను అడగకుండా నయం చేసేయడం మంచిపనిలాగే ఉంటుంది. ఆ గాయం చుట్టూ పది పోస్టులు రాయాలనుకున్న ప్లేయర్‌కి మాత్రం అది కథను చెడగొట్టడమే.

ఏ కొలతలతో చూడాలి

నా లెక్కలో అన్నిటికన్నా ముందుండేది ఒకటే: ఎదుటివాళ్ళు 'వద్దు' అనడం ఎంత తేలిక? మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. సర్వర్‌లో కూడా అన్నా, అక్కా అనే పిలుచుకుంటాం. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ చదివే అన్న అందరి ముందు "తమ్మీ, నీ పాత్రను జర నా కంట్రోల్‌లకు తీస్కుంటున్న, ఓకేనా?" అని అడిగితే ఇంటర్ చదివే తమ్ముడు ఏమంటాడు? "ఓకే అన్నా" అంటాడు. మనసులో ఇష్టం లేకపోయినా అదే అంటాడు. దాన్ని ఒప్పుకోవడం అనలేం, కాదనలేకపోయాడంతే. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా, గ్రూపులో అందరికన్నా చిన్నవాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు, మొహమాటం ఎక్కువున్నవాళ్ళు ఆ పద్ధతిలో 'వద్దు' అనగలరా అని చూడండి. వాళ్ళు అనగలిగితే మిగతావాళ్ళందరూ అనగలరు.

రెండోది స్పష్టత. 'ఓకే' అన్నది దేనికి? ఏ పవర్, ఎంతవరకు, ఎంతసేపు, ఆ తర్వాత పాత్రకు ఏం మిగులుతుంది? మూడోది మనసు మార్చుకునే వీలు. నిన్న సరే అన్నది ఈ రోజు వద్దనిపించవచ్చు. నాలుగోది ఆట వేగం. ప్రతి వాక్యానికీ ఆగి అడుగుతూ పోతే కథ ముందుకు కదలదు. ఐదోది ఆధారం. రేపు మాట తేడా వస్తే ఎవరు ఏమన్నారో వెతికి చూసుకునేలా ఉండాలి.

1. మొదట్లోనే రంగుల పట్టిక

కథ మొదలుకాకముందే ఓపీ పాత్ర ప్లేయర్ తన పవర్స్ అన్నీ వరసగా రాసిపెడతాడు. మిగతావాళ్ళు ఒక్కో దానికి పచ్చ, పసుపు, ఎరుపు పెడతారు. పచ్చ అంటే అడగక్కర్లేదు, పసుపు అంటే ప్రతిసారీ అడుగు, ఎరుపు అంటే నా పాత్ర మీద వద్దు. ఈ మూడు రంగుల పద్ధతిని టేబుల్‌టాప్ (బల్ల చుట్టూ కూర్చుని ఆడే) ఆటల కోసం షాన్ కె. రేనాల్డ్స్, షానా జర్మేన్ రాసిన చిన్న పుస్తకంలో చూడొచ్చు. మాంటీ కుక్ గేమ్స్ దాన్ని 2019లో ఉచితంగా విడుదల చేసింది. అందులోని పట్టిక భయం, హింస, ప్రేమ లాంటి విషయాల గురించి. దాన్నే పవర్స్‌కి వాడుకోవచ్చు.

ఇందులో పెద్ద లాభం, ఎవరూ ఎవరి ముఖం చూసి జవాబు చెప్పక్కర్లేదు. పట్టిక నింపడం అందరూ చేసే పని కాబట్టి ఎరుపు పెట్టినవాళ్ళు వేరుగా కనబడరు. కానీ నింపే చోటు చూసుకోవాలి. డిస్కార్డ్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ తెలుస్తుంది, రియాక్షన్ల మీదా పేర్లు కనబడతాయి. అంతకన్నా గూగుల్ ఫామ్ నయం. జవాబులు ఒక్క జీఎంకే కనబడేలా పెట్టుకుంటే, ఓపీ ప్లేయర్‌కి ఏ పాత్ర మీద ఏ పవర్ వద్దో ఆయన చెప్తాడు, కారణాలు చెప్పడు.

పట్టిక ఎంత వివరంగా ఉంటే అంత పనికొస్తుంది. 'మనసు మీద పట్టు' అని ఒకే వరస రాస్తే జవాబుకు అర్థం ఉండదు. ఇలా విడదీయాలి:

- పైకి కనబడే భావం పసిగట్టడం (కోపంగా ఉందా, భయపడుతోందా)
- ఆ క్షణంలో అనుకుంటున్న ఒక్క ఆలోచన వినడం
- పాత జ్ఞాపకం చూడడం
- పాత్ర చేత ఒక చిన్న పని చేయించడం (తలుపు తెరవడం, కత్తి దించడం)
- పాత్ర చేత సొంతవాళ్ళ మీద దాడి చేయించడం
- జ్ఞాపకం చెరిపేయడం

మొదటి రెండింటికి పచ్చ పెట్టినవాళ్ళే చివరి రెండింటికి ఎరుపు పెట్టడం మామూలే. ఒకే వరసగా అడిగి ఉంటే మొహమాటానికి మొత్తానికి పచ్చ పెట్టేసేవాళ్ళు.

రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన గీతలు, తెరల ఆలోచన కూడా ఇక్కడ బాగా కుదురుతుంది. గీత అంటే ఆ విషయం కథలోకి రానే రాదు. తెర అంటే జరుగుతుంది కానీ చూపించరు. మాంత్రికుడు వర్తకుడి మనసు చదివాడు, ఏం చదివాడన్నది మాత్రం పోస్టులో రాయడు, వర్తకుడి ప్లేయర్‌కి ఇష్టమైనప్పుడు తనే బయటపెడతాడు. ఎరుపుకూ పచ్చకూ మధ్య ఇది మంచి దారి.

లోపం ఏమిటంటే, పట్టిక కాగితం మీద అడుగుతుంది, సీన్‌లో అడగదు. ఉగాదికి పచ్చ పెట్టిన పవర్ దసరా నాటికి పాత్ర మారిపోయాక వేరేలా అనిపిస్తుంది. అందుకే కథలో ఒక అధ్యాయం ముగిసినప్పుడల్లా పట్టిక మళ్ళీ తెరవాలి.

2. డీఎంలో విడిగా అడగడం

ఇద్దరి మధ్య సీన్ అయితే దీనికి మించింది లేదు. నలుగురి కళ్ళు ఉండవు, ఆలోచించుకునే టైమ్ ఉంటుంది, ఆ సీన్‌కి తగ్గట్టు మాట్లాడుకోవచ్చు. "పాత జ్ఞాపకం చూడొద్దు అన్నా, కానీ నా పాత్ర అబద్ధం చెప్తుందని నీవాడికి తెలిస్తే మస్తుంటది" లాంటి జవాబు డీఎంలోనే వస్తుంది. చాలాసార్లు అడిగినదానికన్నా మంచి ఆలోచన అక్కడ దొరుకుతుంది.

టైమ్ విషయంలో మాత్రం ఓపిక కావాలి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గ్రూపుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, రియాద్ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి తొమ్మిదికి మీరు ఊపులో ఉంటే రియాద్‌లో ఆరున్నర, డ్యూటీ నుంచి రూమ్‌కి వచ్చే టైమ్. బ్లూ టిక్ పడిందంటే చదివారని మాత్రమే, ఒప్పుకున్నారని కాదు. 'రేపటిలోగా చెప్పకపోతే ఓకే అనుకుంటా' అన్న షరతు అసలు పెట్టొద్దు. జవాబు వచ్చేదాకా పవర్ తగలనట్టే. ఈలోపు కథ ఆగక్కర్లేదు, వేరే పాత్రతో వేరే సీన్ రాసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. డిస్కార్డ్‌లో 13 ఏళ్ళు నిండితే చేరొచ్చు. అంటే గ్రూపులో స్కూలు పిల్లలు, ఉద్యోగస్తులు ఒకే కథలో ఉండొచ్చు. పెద్దవాళ్ళు చిన్నపిల్లలను పదే పదే విడిగా మెసేజ్ చేసే అలవాటు, పవర్ గురించే అయినా, మంచిది కాదు. అలాంటి గ్రూపుల్లో ఒక మోడ్‌ను (గ్రూపును చూసుకునే మోడరేటర్‌ను) కూడా కలిపి ముగ్గురి చాట్ పెట్టుకోండి. మాట తేడా వచ్చినప్పుడు ఆధారం లేకపోవడమనే లోపం కూడా దాంతో తీరుతుంది.

3. సీన్‌లోనే డబుల్ బ్రాకెట్లలో అడగడం

కథలో మాట కాదని తెలిసేలా పోస్ట్ చివర ((మాంత్రికుడు ఆమె ఆలోచన వినొచ్చా?)) అని రాయడం. వేగంగా అయిపోతుంది, ఆధారం అక్కడే ఉంటుంది. ఒకరికొకరు బాగా తెలిసిన నలుగురైదుగురికి సరిపోతుంది.

కానీ నేను మొదట చెప్పిన కొలతలో ఇది బాగా వెనకబడుతుంది. అందరూ చూస్తుంటారు, సీన్ మంచి పట్టులో ఉంటుంది, తర్వాతి పోస్ట్ కోసం ముగ్గురు ఎదురుచూస్తుంటారు. 'నేను వద్దంటే ఆట ఆగిపోతుంది' అన్న టెన్షన్‌లో సరే అనేస్తారు. కాబట్టి చిన్న చిన్న పవర్స్‌కే దీన్ని ఉంచుకోండి. మనసు, జ్ఞాపకం, చావు లాంటివి బ్రాకెట్లలో అడగొద్దు.

4. ప్రయత్నం వరకే రాసి ఆగడం

ఇందులో విడిగా అడగడమే ఉండదు. రాసే తీరులోనే అడగడం ఉంటుంది. మీరు మీ పాత్ర చేసే పని రాస్తారు, దాని ఫలితం ఎదుటి ప్లేయర్ రాస్తారు. రెండు పోస్టులు చూడండి.

"మాంత్రికుడు చేయి ఊపాడు. విలుకత్తె చేతిలో విల్లు జారి కింద పడింది. ఆమె కాళ్ళు కదలకుండా బిగుసుకుపోయాయి. భయంతో వణికిపోయింది."

"మాంత్రికుడు చేయి ఊపాడు. బురుజు మీది గాలి ఒక్కసారిగా బరువెక్కి విలుకత్తె చేతుల మీదికి దిగింది. విల్లు వదిలేయమని ఆ బరువు ఆమెను తొందరపెడుతోంది."

మొదటిదాంట్లో ఎదుటి ప్లేయర్ రాయడానికి ఏమీ మిగల్లేదు. విల్లు పడిపోయింది, కాళ్ళు బిగిశాయి, చివరికి ఆమె మనసులో ఏముందో కూడా రాసేశారు. రెండోదాంట్లో పవర్ ఏమీ తగ్గలేదు, నిజానికి ఇంకా భయంగానే ఉంది. కానీ విల్లు వదలాలా, పళ్ళు బిగించి పట్టుకోవాలా, వదిలేసి నడుములోని కత్తి తీయాలా అన్నది ఆ ప్లేయర్ ఇష్టం. 'వద్దు' అనడానికి ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు, తన పోస్ట్ తను రాస్తే చాలు. మొహమాటస్తులకు ఇంతకన్నా మంచి దారి నేను చూడలేదు.

లోపం లేకపోలేదు. కొందరు ప్లేయర్లు ప్రతిసారీ తప్పించుకుంటారు. పది ప్రయత్నాలు చేసినా ఒక్కటీ తగలకపోతే మాంత్రికుడి ప్లేయర్‌కి విసుగొస్తుంది, అది న్యాయమైన విసుగే. దీనికి చిన్న ఒప్పందం పెట్టుకోండి: పూర్తిగా తప్పించుకున్న ప్రతిసారీ ఏదో ఒక మూల్యం చెల్లించాలి. విల్లు వదల్లేదు సరే, భుజం పట్టేసింది. ఇంకో సంగతి, ఈ పద్ధతి పవర్ ఫలితాన్ని కాపాడుతుంది కానీ విషయాన్ని కాపాడదు. మనసు వశం చేసుకునే సీనే తన పాత్రకు వద్దనుకునే ప్లేయర్‌కి ప్రయత్నం కూడా ఇబ్బందే. అక్కడ పట్టికో డీఎమ్మో తప్పదు.

5. డైస్

బాట్‌తో (సర్వర్‌లో పెట్టుకునే చిన్న ప్రోగ్రామ్‌తో) ఇరవై ముఖాల డైస్ వేయించి తేల్చుకోవడం. ఎవరి మీదా నింద పడదు, వేగం బాగుంటుంది, అందరూ చూస్తుండగా తేలిపోతుంది. యుద్ధం సీన్లకు చాలా బాగుంటుంది.

లెక్క మాత్రం ముందే తెలుసుకోండి. ఇరవై ముఖాల డైస్‌లో ఒక్కో అంకెకు 5 శాతం అవకాశం. 11 లేదా ఆ పైన వస్తే గెలుపు అనుకుంటే సగానికి సగం. ఓపీ పాత్రకు రెండు డైస్ వేసి పెద్దది తీసుకునే వీలిస్తే అది 75 శాతం అవుతుంది. రెండు ఆరు ముఖాల డైస్ కలిపే పద్ధతి ఇంకా నయం, ఎందుకంటే మధ్యరకం ఫలితానికి చోటుంటుంది: 10 లేదా ఆ పైన వస్తే పూర్తి విజయం, 7 నుంచి 9 వరకు విజయమే కానీ మూల్యం ఉంటుంది, 6 లేదా అంతకన్నా తక్కువైతే విఫలం. ఏ అదనపు అంకె లేకుండా వేస్తే పూర్తి విజయం 36లో 6 సార్లు, మధ్యరకం 15 సార్లు, విఫలం 15 సార్లు. ఓపీ పాత్రకు మూడు కలిపితే పూర్తి విజయం 21కి పెరుగుతుంది, విఫలం 3కి పడిపోతుంది. ఒక్క మూడు కలిపితేనే ఇంత తేడా. ఎంత కలపాలన్నది ఓపీ ప్లేయర్ ఒక్కడే నిర్ణయించకూడదని చెప్పేది ఇందుకే.

డైస్ గురించి నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇది. గెలుస్తామా ఓడతామా అన్నది డైస్ తేల్చగలదు. ఆ పవర్ నా పాత్ర మీద పనిచేయడం నాకు ఇష్టమా అన్నది డైస్ తేల్చలేదు. జ్ఞాపకం చెరిపేయడానికి ఒప్పుకోని ప్లేయర్ దగ్గర 18 పడినా ఆ ప్లేయర్ ఒప్పుకున్నట్టు కాదు. ముందు అనుమతి, తర్వాత డైస్.

6. జీఎం తీర్పు

పాత్ర షీట్ (పాత్ర వివరాలు, పవర్స్ రాసిన పేజీ) జీఎం ముందు పెడతారు. ఏది ఉండాలి, ఏది తగ్గాలి, రోజుకు ఎన్నిసార్లు వాడాలి అన్నది జీఎం చెప్తాడు. ముప్పై నలభై మంది ఉన్న సర్వర్‌లో ప్రతి ఒక్కరినీ అడగడం జరిగే పని కాదు కాబట్టి ఇది ఉండాల్సిందే. 'వద్దు' అనే భారం కూడా ప్లేయర్ మీద కాక జీఎం మీద పడుతుంది. ఓపీ ప్లేయరే జీఎంకి దోస్త్ అయితే మాత్రం మొత్తం పద్ధతి పడిపోతుంది. అప్పుడు షీట్ వేరే మోడ్ చూడాలి.

లోకం మొత్తాన్ని కదిపే పవర్స్‌కి జీఎం తప్ప దిక్కు లేదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల చేతికి పోయింది. మన మాంత్రికుడు కాలంలో వెనక్కి వెళ్ళి ఆ పతనాన్ని ఆపేస్తాను అంటాడు. పోస్ట్ ఒకరే రాస్తారు, కానీ కోట పడిపోయిన తర్వాతి కాలంలో పాత్రలు పెట్టుకున్న అందరి కథలూ మాయమవుతాయి. ఇద్దరు సరే అంటే చాలదు, అందరూ అనాలి.

దేవతల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నా పాత్రకు సమ్మక్క శక్తి వచ్చింది, సారలమ్మ పూనింది అని రాసేవాళ్ళున్నారు. రెండేళ్ళకోసారి మేడారం పోయి ఎత్తు బెల్లం మొక్కు చెల్లించే ఇళ్ళ నుంచి వచ్చిన ప్లేయర్లు గ్రూపులో ఉంటారు. వాళ్ళకు ఆ తల్లులు కథలో పాత్రలు కారు. ఇష్టం లేకపోయినా భక్తి సంగతి చర్చకు పెట్టడం నచ్చక చాలామంది నోరు విప్పరు. అందుకని ఈ ఒక్కదాంట్లో ఎవరైనా అభ్యంతరం చెప్తారేమో చూద్దాం అనుకోకుండా, ఊహించిన పేరుతో ఊహించిన వనదేవతను పెట్టుకోవడమే మర్యాద.

వీటన్నిటితో పాటు ఉండాల్సింది: ఆపే గుర్తు

దీన్ని ఏడో పద్ధతిగా లెక్కపెట్టలేదు, ఎందుకంటే ఏది ఎంచుకున్నా ఇది ఉండి తీరాలి. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డ్ ప్రపంచమంతా వాడుతున్నారు: బల్ల మీద ఎక్స్ అని రాసిన కార్డు ఉంటుంది, ఎవరు తాకినా ఆ విషయం అక్కడితో ఆపేస్తారు, ఎందుకని అడగరు. ఆన్‌లైన్‌లో అదే పనికి ఒక ఎమోజీ చాలు. బో జాగర్ షెల్డన్ స్క్రిప్ట్ చేంజ్ పద్ధతిలో ఆపడంతో పాటు వెనక్కి తిప్పడం, ముందుకు జరపడం కూడా ఉన్నాయి. టెక్స్ట్ రోల్‌ప్లేకి ఇవి చాలా అనుకూలం, ఎందుకంటే పోస్ట్‌ను తీసేసి మళ్ళీ రాసుకోవచ్చు. గుర్తు వాడినవాళ్ళను తర్వాత డీఎంలో "ఏమైంది, ఎందుకట్ల?" అని తవ్వకపోతేనే అది పనిచేస్తుంది.

ఒక్క చూపులో

| పద్ధతి | 'వద్దు' అనడం | స్పష్టత | మనసు మార్చుకోవడం | వేగం | ఆధారం |
|---|---|---|---|---|---|
| రంగుల పట్టిక | తేలిక | వరసలు విడదీస్తే బాగుంటుంది | మళ్ళీ తెరిస్తేనే | మొదట్లో ఆలస్యం, తర్వాత అడ్డు లేదు | ఉంది |
| డీఎం | దోస్తుల మధ్య తేలిక, అన్నాతమ్ముళ్ళ మధ్య ఓ మాదిరి | అన్నిటికన్నా ఎక్కువ | తేలిక | నెమ్మది | ఇద్దరికే |
| డబుల్ బ్రాకెట్లు | కష్టం | తక్కువ | కష్టం | వేగం | ఉంది |
| ప్రయత్నం వరకే | చాలా తేలిక | పోస్ట్‌లోనే తెలుస్తుంది | ప్రతి పోస్ట్‌కీ వీలు | వేగం | ఉంది |
| డైస్ | ఒకసారి వేశాక కష్టం | ఫలితానికే | లేదు | అన్నిటికన్నా వేగం | ఉంది |
| జీఎం తీర్పు | జీఎంను బట్టి | బాగుంటుంది | జీఎంను అడగాలి | నెమ్మది | ఉంది |

మీరు ఎవరు, ఏది తీసుకోవాలి

ఇద్దరే రాసుకుంటుంటే డీఎంలో మాట్లాడుకుని, సీన్‌లో ప్రయత్నం వరకే రాయండి. పట్టికలు అక్కర్లేదు.

ఒకే కాలేజీ, ఒకే హాస్టల్ దోస్తులు ఐదారుగురైతే బాగా తెలిసినవాళ్ళమే కదా అని అన్నీ బ్రాకెట్లలో కానిచ్చేస్తారు. అక్కడే పప్పులో కాలేస్తారు. దోస్తు మొహం మీద వద్దనడం కొత్తవాళ్ళకు వద్దనడం కన్నా కష్టం. ఒక సాయంత్రం కూర్చుని పట్టిక నింపండి, ఆ తర్వాత చిన్నవాటికి బ్రాకెట్లు వాడుకోండి.

ముక్కూ మొహం తెలియని ముప్పై మంది ఉన్న సర్వర్‌లో ముందు జీఎం షీట్ చూడాలి, పట్టికలో ఎరుపు పెట్టినవి పక్కన పెట్టాలి, పోరాటాలకు డైస్ పెట్టాలి. అలాంటి చోట మనసు వశం చేసుకునే పవర్‌ని మొదటి నెల అసలు ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మనుషులు తెలిశాక ఇవ్వొచ్చు.

వయసులో, చదువులో ఎక్కువ తేడాలున్న గ్రూపైతే ప్రయత్నం వరకే రాయడాన్ని రూల్‌గా పెట్టేయండి. అందరికీ ఒకే రూల్ ఉంటే ఏ తమ్ముడూ ఏ అన్నకూ ఎదురు చెప్పినట్టు ఉండదు.

రోజూ ఆన్‌లైన్‌లో ఉండలేనివాళ్ళు, షిఫ్టు డ్యూటీలవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు పట్టికనే నమ్ముకోవాలి. లేని మనిషి పాత్ర మీద ఏ పవర్ పడదన్న నియమం కూడా అడిగి పెట్టించుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజులు, మేడారం జాతర వారం సగం గ్రూపు కనబడదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి పాత్రల జ్ఞాపకాలు చెరిపేసి ఉంటే ఎవరికైనా మనసు విరిగిపోతుంది.

అడిగే మాటలు

పద్ధతి ఏదైనా, అడిగే వాక్యం సరిగా లేకపోతే ఫలితం ఉండదు. "ఓకేనా?" అని ముగించే ప్రశ్నకు మన నోట్లోంచి వచ్చే జవాబు ఒకటే. దాని బదులు రెండు మూడు దారులు చూపించి, వాటిలో 'వద్దు'ను కూడా మామూలు దారిగా ఉంచండి:

"తమ్మీ, రేపటి సీన్‌ల మా మాంత్రికుడు మీ వర్తకుడిని అనుమానిస్తడు. మూడు తీర్ల రాయొచ్చు. ఒకటి, మనసు చదివి ఒక్క అబద్ధం పట్టుకుంటడు, అది ఏందో నువ్వే రాయి. రెండు, చదువుదామని చూస్తడు, ఏం దొరకదు. మూడు, పవర్ జోలికే పోడు, ఉత్తగ మాటలతోనే అడుగుతడు. నాకు మూడూ మంచిగనే ఉన్నయి. ఏది కావాలె?"

"నాకు మూడూ మంచిగనే ఉన్నయి" అన్న వాక్యం వదిలేయొద్దు. అది లేకపోతే తమ్ముడు మొదటిదే అన్నకు ఇష్టమని ఊహించుకుని అదే ఎంచుకుంటాడు. జవాబు వచ్చాక దాన్ని ఒక వాక్యంలో తిరిగి రాసి పంపండి: "రెండోది అన్నవు. ఈ ఒక్క సీన్‌కే. తర్వాత సీన్‌కు మల్ల అడుగుత."

మూడోది ఎంచుకుంటే ఎందుకని అడగకండి. ఆ సీన్‌ను పవర్ లేకుండా రాయండి. మాంత్రికుడు బురుజు కింద వర్తకుడి ఎదురుగా కూర్చుని, మూటలు ఒక్కొక్కటి విప్పించి, ఏ రేవులో ఏ పన్ను కట్టావని మాటలతో ఆరా తీస్తాడు. వర్తకుడి ప్లేయర్‌కి ప్రతి ప్రశ్నకూ అబద్ధమాడాలో నిజం చెప్పాలో తేల్చుకునే వీలుంటుంది. పట్టుబడితే అది తను రాసిన అబద్ధం వల్లే పట్టుబడతాడు.